ఒకే పేరు, రెండు తలుపులు

పిల్లలూ! మీలో ఎవరైనా నౌపడ స్టేషను చూశారా? అది శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలికి దగ్గరగా, హౌరా వెళ్ళే పెద్ద లైను మీద ఉన్నది. ఉప్పు మడులకు పేరుపడ్డ ఊరు. ఆ స్టేషనులో ఒకప్పుడు ఒక వింత ఉండేది. పెద్ద లైను మీద రెండు పట్టాల మధ్య ఎడం 5 అడుగుల 6 అంగుళాలు. అక్కడినుంచే పర్లాకిమిడికి వెళ్ళే చిన్నబండికి మాత్రం పట్టాల ఎడం 2 అడుగుల 6 అంగుళాలే. ఈ చిన్న లైను పర్లాకిమిడి రాజావారు వేయించినది. 1900లో మొదలై, తరువాత 1931లో గుణుపురం దాకా సాగింది.

స్టేషను ఒకటే. బోర్డు మీద పేరు ఒకటే. కాని చిన్నబండి పెట్టె పెద్ద లైను ఎక్కలేదు, పెద్దబండి పెట్టె చిన్న లైను ఎక్కలేదు. మనుషులైనా సరుకులైనా ఒక బండి దిగి మరొక బండి ఎక్కవలసిందే. 2004లో చిన్నబండి ఆగిపోయింది. పెద్ద పట్టాలు వేశారు. 2011లో గుణుపురం దాకా పెద్దబండే నడవసాగింది. కనుక మీకిప్పుడు ఆ వింత కనిపించదు. మీ తాతగారినో అమ్మమ్మనో అడిగితే చెబుతారు.

సైన్సు పేజీలో ఈ రైలు గోల ఎందుకంటారా? కిందటి ఏడు ఒక బడిలో అచ్చం ఇటువంటి తిరకాసే వచ్చింది. అయితే అది రైలులో కాదు, కంప్యూటరులో. దానివల్ల ఒక అమ్మాయి ఉద్యోగం చేజారిపోయేదే. ఆ సంగతి చెబుతాను, వినండి.

గజపతినగరానికి కొంచెం దూరంలో, చంపావతి నది అవతల ఒక ఉన్నత పాఠశాల ఉన్నది. పేరు ఎందుకులెండి. బడిలో మీరు చేరిన రోజున గుమస్తాగారు ఒక పెద్ద పుస్తకంలో మీ సంగతులన్నీ రాసుకుంటారు: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఏ తరగతిలో చేరారు, ఆఖరికి మీ ఒంటిమీద పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో కూడా. దానిని అడ్మిషన్ రిజిస్టరు అంటారు. బడిలో బల్లలు పోయినా, గోడలు కూలినా, ఆ పుస్తకం మాత్రం పోకూడదు. నేను హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ దాని తాళంచెవి నా మొలతాడుకే ఉండేదని పిల్లలు నవ్వుకునేవారు.

కాని ఆ బడిలో అది పోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా! ఆ గాలికి ఆఫీసు గది కప్పు లేచిపోయింది. బీరువాలోని పుస్తకాలు రెండు రోజులు నానాయి. సిరా అంతా కరిగి, పేజీలు నీలం అట్టులై కూర్చున్నాయి. అదృష్టమేమంటే, అంతకు చాలా ఏళ్ళ ముందే ఒక మాస్టారు ఓపికగా ఆ రిజిస్టర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించి పెట్టారు. ఒక చిన్న ప్రోగ్రాము రాయించి, పేరు కొడితే సర్టిఫికెట్టు అచ్చయి వచ్చేటట్టు చేశారు. తుఫాను తరువాత ఆ ఊరి పిల్లల చదువుకు సాక్ష్యం అదొక్కటే.

కిందటి ఏడు ఆ పాత కంప్యూటరు కాలిపోయింది. అందులోని డిస్కు మాత్రం బాగానే ఉన్నది. పూర్వవిద్యార్థులు చందాలు వేసుకుని ఒక సర్వరు కొనిచ్చారు. సర్వరంటే మరేమీ కాదు, నలుగురికీ అడిగినది అందిస్తూ ఒక మూల కూర్చునే పెద్ద కంప్యూటరు. పాత డిస్కులో ఉన్నవన్నీ అందులోకి దించారు. కొత్త హాజరు ప్రోగ్రాము ఒకటి పెట్టారు, అది చక్కగా పనిచేసింది. పాత సర్టిఫికెట్ల ప్రోగ్రాము తెరిస్తే మాత్రం ఇంగ్లీషులో ఏదో ఫిర్యాదు రాసి మూసుకుపోయేది.

సరిగ్గా అప్పుడే వచ్చిందా అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గాని ఇద్దరు పిల్లల తల్లి. ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నది. ఆరు నుంచి పది దాకా ఇక్కడే చదివినట్టు స్టడీ సర్టిఫికెట్టు కావాలి. గడువు మూడు రోజులు. "మాస్టారండీ, నేను చదివినట్టు కాయితం లేకపోతే నేను చదవనట్టేనా అండీ?" అని అడిగింది. అక్కడున్న వారెవ్వరూ జవాబు చెప్పలేకపోయారు.

నేను రిటైరయి చాలా కాలమయింది. కాని కంప్యూటర్లంటే కొంచెం పిచ్చి ఉన్నదని తెలిసి గుమస్తాగారు నాకు కబురు పెట్టారు. నేను వెళ్ళేసరికి మరమ్మతు చేసే కుర్రవాడు చెమటలు కక్కుతున్నాడు. "సార్, ఫైలు పాడయినట్టుంది. సర్వరంతా తుడిచేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కిస్తాను" అన్నాడు.

"నాయనా, తుడిచేముందు ఆ ఫైలుకు రెండు నకళ్ళు తియ్యి" అన్నాను. రెండు పెన్‌డ్రైవులలో నకళ్ళు తీసి, ఒకటి గుమస్తాగారి చేతిలోను, ఒకటి నా జేబులోను పెట్టుకున్నాక గాని నేను కుర్చీలో కూర్చోలేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. సమాచారాన్ని వరుసలుగా, గళ్ళుగా సర్ది దాచిన దానిని డేటాబేసు అంటారు. దానినొక బీరువా అనుకోండి. సర్టిఫికెట్టు అచ్చువేసే ప్రోగ్రాము ఆ బీరువాను తానే తెరవలేదు. ఎందుకంటే బీరువాలు చేసే కంపెనీలు చాలా ఉన్నాయి, ఒక్కొక్కదానిది ఒక్కొక్క భాష. ప్రతి ప్రోగ్రామూ అన్ని భాషలూ నేర్చుకోవాలంటే అయ్యే పనేనా? అందుకని 1992లో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఒక పద్ధతి తెచ్చింది. దాని పేరు ఓడీబీసీ. ప్రోగ్రాము ఎప్పుడూ ఒకే తీరున అడుగుతుంది, మధ్యలో ఒక దుబాసి నిలబడి ఆ మాటను బీరువా భాషలోకి మార్చి చెబుతాడు. వెనకటికి తెల్లదొరలకూ మనవాళ్ళకూ మధ్య దుబాసీలు ఉండేవారు కదా, అలాగన్నమాట. ఈ దుబాసిని కంప్యూటరువాళ్ళు డ్రైవరు అంటారు.

ఏ దుబాసిని పిలవాలి? ఏ బీరువా దగ్గరికి పంపాలి? ఈ రెండూ ఒక చీటీ మీద రాసి, ఆ చీటీకి ఒక పేరు పెడతారు. ఆ పేరునే డీఎస్‌ఎన్ అంటారు. ప్రోగ్రాముకు చీటీ పేరు ఒక్కటి తెలిస్తే చాలు. మా పాత ప్రోగ్రాము పక్కనే ఒక చిన్న అమరికల ఫైలు ఉన్నది. నోట్‌ప్యాడులో తెరిచి చూస్తే చీటీ పేరు కనబడింది: ఇంగ్లీషు అక్షరాలలో 'బడి' అని. ఆ మాస్టారు ఎంత ముచ్చటగా పెట్టారో చూడండి!

కుర్రవాడు ఆ పేరుతో చీటీ రాయలేదా అంటే, రాశాడు. దుబాసి దొరకకపోతే ఇంటర్నెట్టు నుంచి తెచ్చి మరీ పెట్టాడు. చీటీ రాసినప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఐనా ప్రోగ్రాము తెరిస్తే మళ్ళీ అదే ఫిర్యాదు. నేను కళ్ళజోడు సవరించుకుని ఆ ఇంగ్లీషు ముక్క మొదటినుంచి చివరిదాకా చదివాను. దాని అర్థం: "మీరు చెప్పిన చీటీలోని డ్రైవరుకూ, అడుగుతున్న ప్రోగ్రాముకూ నిర్మాణం పొసగలేదు."

ఫైలు పాడయిందని అది ఎక్కడా అనలేదు. చాలామంది ఇటువంటి ఫిర్యాదు కనబడగానే కంగారుపడి 'సరే' మీట నొక్కేస్తారు. పరీక్షలో ప్రశ్న సగం చదివి జవాబు రాసే పిల్లలను నేను ముప్పయి ఏళ్ళు చూశాను, ఇదీ అటువంటిదే.

నిర్మాణం పొసగకపోవడం ఏమిటని ఆలోచిస్తూ, ఆ సమయానికి ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే పట్టికను తెరిపించాను. దానిని టాస్క్ మేనేజరు అంటారు. ఇంతలో సుద్దముక్కల కోసం వచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నా భుజం మీదుగా తొంగిచూసి, "మాస్టారూ, ఆ పాతదాని పక్కన 32 బిట్ అని ఉందండీ. మిగతావాటికి లేదు. ఎందుకండీ?" అన్నది.

ఆ గుంట అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉన్నది!

ఈ బిట్ అంటే ఏమిటో తెలుసుకుందాం. ఒక దీపం ఉన్నదనుకోండి. అది వెలిగి ఉండవచ్చు, లేదా ఆరి ఉండవచ్చు. రెండే స్థితులు. కంప్యూటరు లెక్కలన్నీ ఇటువంటి దీపాలతోనే. ఒక్కొక్క దీపం ఒక బిట్. ఒక దీపంతో 2 సైగలు చేయవచ్చు, రెండు దీపాలతో 4, మూడింటితో 8. దీపం ఒకటి పెరిగినప్పుడల్లా సైగలు రెట్టింపు. పది దీపాలతో 1,024 అవుతాయి. పలక మీద వేసి చూడండి.

మన తెలుగునేల మీద కూడా ఈ దీపాల కథ ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు, ఏ.ఎస్. రావుగారని అందరికీ తెలుసు, 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ అనే సంస్థను నెలకొల్పారు. 1969లో వచ్చిన టీడీసీ-12 అనే కంప్యూటరు ఆ సంస్థదే. పేరులోని 12 ఏమిటనుకున్నారు? అది ఒక్కొక్కసారికి 12 బిట్ల వెడల్పు గల సంఖ్యతో పనిచేసేది. తరువాత అక్కడే 16 బిట్ల టీడీసీ-316 తయారయింది. బయటి దేశాలలో ఇంటెల్ కంపెనీవారు 1978లో 16 బిట్లది, 1985లో 32 బిట్లది తెచ్చారు. 2003లో ఏఎండీ కంపెనీవారు, 32 బిట్ల పాత ప్రోగ్రాములను కూడా నడపగల 64 బిట్లది తెచ్చారు. పట్టాలు వెడల్పవుతూ వచ్చాయన్నమాట.

వెడల్పు వల్ల లాభమేమిటి? కంప్యూటరు జ్ఞాపకశక్తి ఒక పెద్ద వీధి అనుకోండి. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం కాపురముంటుంది. ప్రతి ఇంటికీ నెంబరు ఉండాలి కదా! 32 దీపాలతో 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 ఇళ్ళకు నెంబర్లు వేయవచ్చు. అంతకు మించి ఒక్క ఇల్లు కూడా కుదరదు. అబ్బో చాలు అనుకుంటాము గాని, ఈనాటి పనులకు అది చాలదు. 64 దీపాలతో ఐతే వచ్చే సంఖ్యకు 20 అంకెలు ఉంటాయి!

అయితే చిక్కంతా ఇక్కడే. 32 బిట్ల ప్రోగ్రాముకు 64 బిట్ల ఇంటి నెంబరు చెబితే అది రాసుకోవడానికి దాని దగ్గర చోటే లేదు. అందువల్ల 32 బిట్ల ప్రోగ్రాము తన లోపలికి 32 బిట్ల దుబాసినే పిలుచుకోగలదు. 64 బిట్లది 64 బిట్ల దుబాసినే. నౌపడలో చిన్నబండికి పెద్దబండి పెట్టె తగిలించలేకపోవడం లాంటిదే ఇది.

మరి కొత్త సర్వరు మీద పాత ప్రోగ్రాము అసలెలా నడుస్తున్నదని మీకు సందేహం రావాలి. విండోసు తయారుచేసినవారు కొత్త ఇల్లు కట్టినా పాత కాపురస్థులను వెళ్ళగొట్టలేదు. అదే ఇంట్లో వారికొక వాటా ఇచ్చారు. ఆ వాటాలో 32 బిట్ల దుబాసీలు ఉంటారు, 32 బిట్ల చీటీల పుస్తకం ఉంటుంది. పెద్ద వాటాలో 64 బిట్ల దుబాసీలు, వారి చీటీల పుస్తకం వేరే. కాబట్టి చీటీలు రాసే కిటికీలు కూడా రెండు! మన కుర్రవాడు పెద్ద వాటా కిటికీలో చీటీ రాశాడు. పాత ప్రోగ్రాము పిలుచుకోవలసిన దుబాసి చిన్న వాటాలో ఉన్నాడు. చిన్న పట్టాల పక్కన నిలబడవలసిన ప్రయాణికుణ్ణి పెద్ద ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టినట్టు అయింది.

ఇందులో కుర్రవాడి తప్పు కన్నా పేర్ల తప్పే ఎక్కువ. విండోసులో సిస్టం32 అనే అర ఉన్నది. పేరులో 32 ఉన్నది కాబట్టి అది 32 బిట్ల వారిదే అనుకుంటారు మీరు. కాదు! 64 బిట్ల విండోసులో అందులో ఉండేవి 64 బిట్లవి. 32 బిట్లవి ఉండే అర పేరు సిస్‌వావ్64. నవ్వుతున్నారా? పూర్వం రాసిన ఎన్నో ప్రోగ్రాములలో సిస్టం32 అనే పేరు పాతుకుపోయింది. వాటిని 64 బిట్లకు మార్చుకునేవారికి ఇబ్బంది కలగకూడదని ఆ పేరు మార్చలేదు. ఇంకా తమాషా ఏమంటే, రెండు అరల్లోనూ ఉన్న చీటీల కిటికీ పేరు ఒక్కటే: ఓడీబీసీఏడీ32. అట్టమీద ఒకే పేరున్న రెండు పుస్తకాలన్నమాట. ఇటీవలి విండోసులలో మెనూలో '32 బిట్', '64 బిట్' అని విడివిడిగా రాసి పుణ్యం కట్టుకున్నారు గాని, తొందరలో ఉన్నవాళ్ళు పక్కనున్న అంకె చూస్తారా?

"బాబూ, రెండోదాన్ని తెరు" అన్నాను. తెరిచాడు. అక్కడ ఆ పాత బీరువా భాష తెలిసిన 32 బిట్ల దుబాసి, మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డ్రైవరు, విండోసుతోపాటే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఇంటర్నెట్టు దాకా వెళ్ళనక్కరే లేదు. కొత్త చీటీ రాశాము. పేరు 'బడి', అక్షరం పొల్లుపోకుండా. తరువాత ఫైలు ఉన్న చోటు చూపించాము. పెద్ద కిటికీలో రాసిన చీటీని కొట్టివేశాము. కొత్త హాజరు ప్రోగ్రాము చీటీ జోలికి మాత్రం పోలేదు, దాని దారి దానిదే.

ప్రోగ్రాము తెరుచుకున్నది! కుర్రవాడు ఎగిరి గంతువేశాడు. నేను కూడా కొంచెం గర్వపడ్డాను, అబద్ధమెందుకు.

గుమస్తాగారు తన పేరుతో లోపలికి వచ్చి తెరవబోయారు. తెరుచుకోలేదు. ఈసారి "ఆ పేరుగల చీటీ లేదు" అని వచ్చింది.

నా గర్వం అక్కడే దిగిపోయింది. తప్పు నాదే. ఆ కిటికీలో చీటీలు పెట్టడానికి రెండు అరలు ఉంటాయి. యూజర్ అనే అరలో పెడితే, ఆ సమయంలో ఎవరి పేరుతో కంప్యూటరు తెరిచామో వారికి మాత్రమే చీటీ కనబడుతుంది. సిస్టం అనే అరలో పెడితే ఆ కంప్యూటరు వాడే వారందరికీ కనబడుతుంది. నేను తొందరలో మొదటి అరలో పెట్టించాను. చీటీ నా జేబులో పెట్టుకుని గుమస్తాగారిని చదవమన్నట్టు అయింది. ప్రశ్న సగం చదివే పిల్లల సంగతి ఇందాక చెప్పానే, ఆ వరుసలో నన్నూ నిలబెట్టండి. చీటీని సిస్టం అరలోకి మార్చాము. ఈసారి గుమస్తాగారికీ తెరుచుకున్నది.

వసారాలో కూర్చున్న ఆ అమ్మాయిని పిలిచాము. గుమస్తాగారు పేరు కొట్టారు. ఒకే పేరు గలవారు నలుగురు వచ్చారు. తండ్రి పేరు చూస్తే ఇద్దరు మిగిలారు. గుమస్తాగారు పైకి చదివారు: "ఎడమ మోచేతి మీద ఒక పుట్టుమచ్చ, కుడి చెంప మీద ఒకటి." ఆమె మాట్లాడకుండా చీర చెంగు తొలగించి మోచెయ్యి చూపించింది. సుద్దముక్కల పిల్ల, "ఉంది, ఉంది!" అని చప్పట్లు కొట్టింది. తరగతికి ఎందుకు వెళ్ళలేదని ఎవరూ దానిని అడగలేదు.

కాగితం అచ్చయి వచ్చింది. ఆమె సంతకం కోసం నిలబడి, పాత ఆరో తరగతి గది ఏదని అడిగి, వెళ్ళి కిటికీలోంచి చూసి వచ్చింది. గడువుకు ఇంకా రెండు రోజులున్నది.

సాయంకాలం కుర్రవాడు సామాను సర్దుకుంటూ, "సార్, ఈ 32 బిట్ల వాటా ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. ఎప్పటికీ ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? పెద్ద పట్టాలు వచ్చాక నౌపడ చిన్నబండి ఆగలేదా? యాక్సెస్‌లోని ఆ పాత దుబాసికి 64 బిట్ల తమ్ముడు పుట్టనే లేదు. తరువాత వచ్చిన వేరే దుబాసికే రెండు రూపాలూ ఉన్నాయి. అందుకని ఆ పేర్లన్నిటినీ కొత్త డేటాబేసులోకి మార్చమని హెడ్మాస్టరుగారికి చెప్పి వచ్చాను.

ఈలోగా ప్రతి శనివారం మధ్యాహ్నం నలుగురు పిల్లలు ఆఫీసు గదిలో కూర్చుని, పాత రిజిస్టరు పేజీలన్నీ అచ్చువేసి, దారంతో కుట్టి, మైనపు గుడ్డలో చుట్టి కొత్త బీరువాలో పెడుతున్నారు. ఇప్పటికి ఆరు సంవత్సరాల పేజీలు పూర్తయినాయి. కిందటి శనివారం వాళ్ళలో ఒకడికి వాళ్ళ నాన్న పేరు దొరికింది. ఆరో తరగతిలో చేరిన తేదీ, దాని కిందే రెండు పుట్టుమచ్చలు!